అంచు వరస చెట్టు

గంప దించగానే ముసలమ్మ చేసే పని ఒకటే. గంపలోని సత్తు బేసిన్ను రెండు చేతులా ఎత్తి, అడుగున మిగిలిన చేపల నీళ్లను కొబ్బరిచెట్టు మొదట్లో పోస్తుంది. ఒక్కసారి కుమ్మరించదు. మొదలు చుట్టూ నడుస్తూ పోస్తుంది. అంచులకు అంటుకున్న పొలుసులను గోళ్లతో గీకి అక్కడే విదిలిస్తుంది. కుళాయి కింద బేసిన్ కడిగి ఆ కడుగు కూడా చెట్టుకే పోస్తుంది. అప్పుడు కూర్చుంటుంది.

కూర్చున్న తర్వాత కాసేపు ఎవరు పలకరించినా జవాబు చెప్పదు. గంప దిగిన తర్వాత కూడా మెడలోంచి బరువు దిగడానికి కొంత సేపు పడుతుంది.

ముసలమ్మ అన్నది వయసు కాదు, పేరు. ఆ తీరంలో అది అమ్మవారి పేరు. పసిపిల్లలకూ పెడతారు. ఈమెకు ఇప్పుడు యాభై దగ్గర పడుతున్నాయి. మొగుడు సముద్రానికి పోయి రాలేదు. పిల్లలు లేరు. ఊళ్లో తమ్ముడు ఎల్లాజీ ఉన్నాడు, అతని భార్య సంతోషి ఉంది. పొద్దున్నే ముసలమ్మ రేవులో వేలం పాడి చేపలు కొంటుంది. రేవు ఆడవాళ్లందరూ కలిసి ఐసు బండి మీద పలాస బజారుకు పోతారు. తిరిగి రావడానికి బండి ఉండదు. చేపల గంపను చూస్తే ఆటోవాళ్లు ఆపరు. అందుకని ఎండలో నడిచి వస్తుంది. దారి సగం అయ్యేచోట సర్కారు తోట ఉంది.

ముళ్లకంచె, ఇనుప గేటు, గేటు మీద నీలం బోర్డు. లోపల కొబ్బరిచెట్లు. కాయల కోసం వేసిన తోట కాదు. ఎక్కడెక్కడి నుంచో తెచ్చిన రకాలు ఉద్దానం ఇసుకలో ఎలా పెరుగుతాయో, ఎంత కాస్తాయో చూడడానికి వేశారు. ప్రతి చెట్టుకూ ఒక రేకు బిళ్ల, బిళ్ల మీద రకం అంకె. ఒక రకం చెట్లన్నీ ఒకేచోట ఉండవు. మంచి నేల ఉన్నచోటు ఒక్క రకానికే దక్కకూడదని తోటంతా చెదరగొట్టి నాటారు. గేటు దాటగానే పక్కన రోడ్డు వైపున్న చెట్టు అంకె ఏడు.

ముసలమ్మ ఆ చెట్టును ఎంచుకోలేదు. చేపల నీళ్లు దారిలో పొయ్యకూడదని ఆమె అత్త చెప్పింది. సముద్రం ఇచ్చినదాన్ని కాలితో తొక్కితే వల ఖాళీగా వస్తుందట. ఎవరూ తొక్కని చోట పొయ్యాలి. ఆ రోడ్డు మీద మనిషి కాలు పడని చోటు, ఆ చెట్టు మొదలు.

అప్పటికి అది మోకాలెత్తు మొక్క. తోట కావలి కూర్మారావు మొదటి రోజు గేటు దగ్గరికి కేకలేస్తూ వచ్చాడు.

"ఏటే, ఇది నీ పెరడనుకున్నావేటి? కంపు కొడతన్నాది."

"నాకూ కొడతాది బావా. పొద్దల్లా నెత్తినెట్టుకుని మోసినాను. నువ్వు గడియసేపు పీల్సలేవేటి?"

కూర్మారావుకు నవ్వొచ్చింది. కుళాయి వాడుకోమన్నాడు. ఆ తర్వాత ఎప్పుడైనా చేప మిగిలిపోతే అతనికి ఇచ్చేది. ఎండకు మెత్తబడి ఇక ఎవరికీ పనికిరాని వాటిని చెట్టు దగ్గర ఇసుకలో పూడ్చేది. కుక్కలు తవ్వకుండా కూర్మారావు పైన ముళ్లు పరిచేవాడు. ఇదంతా తొంభై ఏడు, తొంభై ఎనిమిది నాటి మాట. ఏళ్లు గడిచాయి. ఆమె నీళ్లు పోసింది, కూర్చుంది, లేచి వెళ్లింది.

చెట్టు పెరిగింది. మిగతా అన్నిటికంటే ముందు పూత వేసింది. నిలబడి చెయ్యి చాపితే అందేటంత ఎత్తులోనే గెలలు దిగాయి. మట్టలు నల్లగా కనిపించేటంత పచ్చగా ఉండేవి. కూర్మారావు ఆ చెట్టును ముసలమ్మ అల్లుడనేవాడు.

"కూతురు నేకపోయినా అల్లుడు దొరికినాడు నీకు. సూడు, మేపి మేపి ఎలగ బలిపించినావో."

"కట్నం నేకండా దొరికినాడు. నువ్వు దిట్టి ఎట్టకు బావా."

ఆ మాటలు అనుకునేటప్పుడే ఉద్దానంలో పాత చెట్లు పాడవుతున్నాయి. తొంభై తొమ్మిది తుఫానుకు ఒరిగినవి ఒరిగాయి. నిలిచినవాటికి నల్లి పట్టింది. కంటికి కనబడని పురుగు. పిందె మీద పడి రసం పీలుస్తుంది. కాయ మీద గోధుమరంగు చారలు పడతాయి, పీచు బిగుసుకుపోతుంది, లోపల కొబ్బరి గుప్పెడు కూడా ఉండదు. వర్తకులు అలాంటి కాయలను కాలితో పక్కకు తోసేవారు. ఏదో ఒక కొత్త రకం వస్తే బాగుండునని రైతులు సర్కారు తోట బోర్డు వైపు చూడడం మొదలుపెట్టారు.

రెండువేల మూడు వేసవిలో తోటలో రైతుల మీటింగు పెట్టారు. గేటు లోపలే షామియానా వేశారు. టెక్కలి నుంచి వచ్చిపోయే ఆఫీసరు వైకుంఠరావు మైకులో మాట్లాడాడు. సన్నటి మనిషి, గొంతు ఎప్పుడూ బొంగురే. పరీక్ష ఇంకా పూర్తి కాలేదని, కొన్ని కాపులు చూస్తే గాని ఏ రకం మంచిదో చెప్పలేమని అన్నాడు. జనం మైకు వైపు చెవి పెట్టలేదు. గేటు పక్క చెట్టును చూస్తున్నారు. గెలలను తడిమి చూశారు. బిళ్ల మీద అంకె చదివి పక్కవాడికి చెప్పారు. పై నుంచి వచ్చిన పెద్దమనిషి ఆ చెట్టు మట్ట మీద చెయ్యి వేసి ఫోటో దిగాడు.

ముసలమ్మ కంచె బయట గంప దించుకుని నిలబడి ఉంది. ఆ రోజు నీళ్లు పొయ్యడానికి చోటు లేదు. జనంలోంచి ఎల్లాజీ బయటికి వచ్చాడు. అతని కళ్లు మెరుస్తున్నాయి.

"అప్పా, సూసినావా? ఏడో నంబరు."

"నాకు తెల్దేటిరా. రోజూ దాని కిందే కూకుంటాను."

ఆమెకు గర్వంగానే అనిపించింది. అల్లుడి మాట తమ్ముడికి చెప్పి నవ్వింది.

ఎల్లాజీకి ఊరి వెనక ఇసుక నేలలో తండ్రి నాటిన కొబ్బరిచెట్లు కొన్ని ఉన్నాయి. అన్నిటికీ నల్లి. అతనికి సముద్రమే బతుకు, కాని రెండేళ్లుగా కాళ్లు వాస్తున్నాయి. ఆ ఊళ్లలో కాళ్లు వాచినవాళ్లకు అది కిడ్నీల జబ్బని ఎవరూ చెప్పనక్కర్లేదు. తెప్ప మీద ఎక్కువ రోజులు ఉండలేనని అతనికి తెలుసు. మీటింగు నుంచి వచ్చాక అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. పాత చెట్లన్నీ కొట్టించి మొద్దులు అమ్మేస్తాడు. ఆ డబ్బుతో ఏడో నంబరు మొక్కలు వేస్తాడు. పలాసలో ఒక నర్సరీవాడు అప్పుడే ఆ పేరుతో మొక్కలు అమ్మడం మొదలుపెట్టాడు. అవి ఎక్కడివని ఎవరూ అడగలేదు. ఎల్లాజీ చెట్లు కొట్టేవాళ్లతో మాట్లాడుకున్నాడు. రోజు కూడా ఖాయమైంది.

దానికి ముందు రోజు గేటు దగ్గరి కుళాయి రాలేదు. మోటారు కాలిపోయింది.

"లోపల కొసని నుయ్యుంది. రా, నాను సూపిత్తాను," అన్నాడు కూర్మారావు.

ఇన్నేళ్లలో ముసలమ్మ ఆ గేటు దాటి నాలుగడుగులు మించి లోపలికి వెళ్లలేదు. ఆమెకు కావలసినవి నీడ, కుళాయి. రెండూ గేటు దగ్గరే ఉన్నాయి. ఆ రోజు బేసిన్ పట్టుకుని వరసల మధ్య నడిచింది. ఇసుక కాలుతోంది. పల్లేరు ముళ్లు. కొంతదూరం పోయాక ఒక చెట్టు బిళ్ల మీద ఏడు కనిపించింది. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. తూకం రాళ్ల మీద చూసి నేర్చుకుంది.

ఆగింది. చెట్టు సన్నగా ఉంది. కింది మట్టలు ఎండి వేలాడుతున్నాయి. మొవ్వులో ఒక గెల, గెలకు నాలుగో అయిదో కాయలు. అవీ చిన్నవి. మళ్లీ నడిచింది. ఇంకో ఏడు. దానికి కాయలే లేవు. నుయ్యి దగ్గర ఇంకొకటి. అదీ అంతే.

"బావా, ఈ ఏడూ ఆ ఏడూ ఒకటేనేటి?"

"ఒకటే. ఒకేసారి దిగినాయి లారీలో."

"మరి ఇదేటిలగుంది?"

కూర్మారావు ఆమె ముఖం చూశాడు. ఆమె హాస్యమాడుతోందని అనుకున్నాడు.

"నీ అల్లుడు సేపలు తిన్నాడు. ఈడికి ఎవడెట్టినాడు?"

ముసలమ్మ బేసిన్ కింద పెట్టింది. పక్క చెట్టు వైపు చూసింది. దానికి బిళ్ల ఉంది, అంకె లేదు. కాయల మీద నల్లి చారలున్నాయి. అయినా ఏడో నంబరు కంటే ఆ చెట్టుకే కాయలు ఎక్కువ.

"ఇదేటి రకం?"

"ఇది మనదే. నాటు. పోల్సి సూడ్డానికేసినారు."

వాళ్లు తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి వైకుంఠరావు స్కూటరు ఆపి హెల్మెట్టు తీస్తున్నాడు. మోటారు సంగతి చూడడానికి వచ్చాడు. ముసలమ్మ ఎప్పుడూ అతనితో మాట్లాడలేదు. ఇప్పుడు ఎదురుగా వెళ్లి నిలబడింది.

"బాబూ, ఈ సెట్టు నా సేపల నీల్లకి కాసింది. మీకు తెలుసా?"

"తెలుసమ్మా."

ఆమె ఆ జవాబు అనుకోలేదు. వైకుంఠరావు చెమట తుడుచుకున్నాడు.

"అంచు వరస చెట్లు లెక్కలోకి రావు. వాటికి గాలీ వెలుతురూ ఎక్కువ. రోడ్డు మీద పోయేవాళ్లు ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. అందుకే వాటిని కాపలా కోసం వేస్తాం. మేము కొలిచేవి లోపలివి. నీ నీళ్ల వల్ల మా పరీక్షకి వచ్చిన నష్టం ఏమీ లేదు. నువ్వు బెంగ పడకు."

"మరి అందరికీ ఈ సెట్టునే సూపించినారు కద."

"లోపలికి రమ్మంటే ఎవరొచ్చారు? ఆ పెద్దాయన బూట్లలో ఇసక పడుతుందని గేటు దగ్గరే ఆగిపోయాడు. ఫోటోకి ఒక చెట్టు కావాలి కదా." అతను హెల్మెట్టును స్కూటరుకు తగిలించాడు. "నేను మైకులో చెప్పాను. ఏదీ తేలలేదని చెప్పాను. నువ్వు విన్నావా?"

"నాను బయటున్నాను బాబూ."

"లోపలున్నవాళ్లూ వినలేదు."

"మా తమ్ముడు ఈ నంబరెయ్యడానికి ఉన్న సెట్లు కొట్టించీసుకుంటన్నాడు. రేపే."

వైకుంఠరావు చెట్టు వైపు చూశాడు. "తొందరపడొద్దని చెప్పు," అన్నాడు. ఆ మాటలో బలం లేదని అతనికే తెలిసినట్టుంది. మళ్లీ అదే మాట అనలేదు.

"ఇంక నీల్లు పొయ్యనా, మానీనా?"

"వచ్చే నెల మళ్లీ ఎవరో వస్తారంటున్నారు. అందాకా పొయ్యి." అంటూనే మోటారు గది వైపు నడిచాడు.

ముసలమ్మ ఊరికి చేరేసరికి పొద్దు వాలుతోంది. తన ఇంటికి పోకుండా గంపతోనే తమ్ముడి ఇంటికి వెళ్లింది. ఎల్లాజీ అరుగు మీద కాళ్లు చాపుకుని వల చిరుగు కుడుతున్నాడు. చీలమండల దగ్గర చర్మం సాగి మెరుస్తోంది.

"ఒరే, రేపు సెట్లు కొట్టించకు."

"ఏటయినాదే అప్పా?"

ఆమె చూసింది చూసినట్టు చెప్పింది. ఎల్లాజీ దారం పంటితో తెంపాడు. నవ్వాడు.

"నీ సేపల నీల్లకి కాసిందేటి ఆ సెట్టు? అలగైతే మన రేవంతా కొబ్బరితోటే అయిపోవాల. మన ఆడోల్లు పోసిన నీల్లకి ఇసకలో తాడిసెట్లు మొలిసీవి."

సంతోషి పొయ్యి దగ్గర నుంచే అంది: "సెట్టు ఫోటోలో పడ్డాది, వదిన పడనేదు. అదీ సంగతి."

"నా మొకం ఫోటోకెందుకే? లోపలి సెట్ల మొకం సూడమంటన్నాను. అదే నంబరు. కాయల్లేవు."

"ఆఫీసరు వొద్దన్నాడేటి?" అని అడిగాడు ఎల్లాజీ.

"తొందరపడొద్దన్నాడు. తేలనేదంట."

"తేలనేదంటే మంచిది కాదనేటి? రేపు తేల్తాది."

"రేపు తేలినాక కొట్టించుకో."

ఎల్లాజీ వల పక్కన పెట్టాడు. "సరేలే. నానూ సేపల నీల్లు పోత్తాను. మనకి సేపలకి కరువేటి?"

"ఎన్ని సెట్లకి పోత్తావురా? ఇన్నేళ్లూ నాను మోసుకొచ్చింది ఒక్క సెట్టుకి సరిపోనాది. నాకున్నది ఒక్క తలకాయ."

పొయ్యిలో కర్ర చిటపటలాడింది. ఎల్లాజీ తన పాదాలను చూసుకున్నాడు. మళ్లీ మాట్లాడినప్పుడు అతని గొంతులో నవ్వు లేదు.

"అప్పా, నాను ఇంక తెప్పెక్కలేను. నీకు తెల్దేటి? ఆ పాత కాయ ఎవడూ కొనడు. ఆ సెట్టు సూసొచ్చినాకే నాకు కంటి మీద కునుకు పడతన్నాది. ఇప్పుడు నువ్వొచ్చి అదీ నేదంటన్నావు."

ముసలమ్మ గంప పక్కకు జరిపి అతని కాళ్ల దగ్గర కూర్చుంది. మెల్లగా అంది:

"ఆ పాత కాయలే కదరా గానుగకి పోతన్నాయి. తక్కువకే పోనీ. సెట్లు కొట్టీసినాక కొత్త మొక్కలు కాసీదాక ఏటి తింటావు?"

"నువ్వెట్టవేటి?"

"ఎడతాను. ఈ మెడ ఉన్నంతకాలం ఎడతాను. తరవాత?"

"కొట్టీవోల్లకి మాటిచ్చీసినాను," అన్నాడు ఎల్లాజీ. లోపలికి వెళ్లి పడుకున్నాడు. సంతోషి వదినకు అన్నం పెడతానంది. ముసలమ్మ వద్దంది. గంప ఎత్తుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించింది. రెండోసారి సంతోషి చెయ్యి వేసింది.

మరునాడు పొద్దున్న ముసలమ్మ రేవుకు పోలేదు. వేలం కేకలు వినబడుతుండగా ఊరి వెనక్కి నడిచి, తమ్ముడి చెట్లలో దారికి మొదటగా ఉన్న చెట్టు దగ్గర ఇసుకలో కూర్చుంది. గొడ్డళ్లూ తాళ్లూ పట్టుకుని చెట్లు కొట్టేవాళ్లు వచ్చారు. వాళ్ల పెద్ద దాలయ్య ఆమెను చూసి నిలబడిపోయాడు, లేవమన్నట్టు చెయ్యి ఊపాడు.

"నెగమ్మా. మేం కొట్టీది సెట్టుని, నిన్ను కాదు."

"మా తమ్ముడు రానీ."

ఎల్లాజీ వచ్చాడు. అక్కను చూసి అతని ముఖం ఎర్రబడింది.

"నెగే. ఊరోల్లు సూత్తన్నారు."

"సూడనీ. నువ్వెల్లి సూసిరా. ఆ తోట గేటు కాడ ఆగిపోకు. లోపల నుయ్యి దాకా నడు. కూర్మారావునడుగు, బిళ్లలు సూపిత్తాడు. సూసొచ్చి కొట్టించుకో."

"సూసొచ్చినాక కొట్టించుతానంటే నెగుతావేటి?"

"నెగుతాను. ఆ తరవాత నాను నోరెత్తితే నన్నే కొట్టు."

ఎల్లాజీ దాలయ్యను చూశాడు. దాలయ్య ఇసుక వైపు చూశాడు. చివరకు ఎల్లాజీ భుజం మీద తువ్వాలు సర్దుకుని రోడ్డు వైపు నడిచాడు. వాచిన కాళ్లతో మెల్లగా నడిచాడు. రోడ్డు మీద ఒక ఆటో అతన్ని ఎక్కించుకుంది.

కొట్టేవాళ్లు గొడ్డళ్లు ఇసుకలో గుచ్చి నీడలో కూర్చున్నారు. దాలయ్య ముసలమ్మను ఏదో అడిగాడు. జవాబు రాలేదు. ఆమె చెట్టుకు వీపు ఆనించి కళ్లు మూసుకుంది. తల ఒక పక్కకు ఒరిగింది.

ఎల్లాజీ తిరిగి వచ్చేసరికి ఎండ ముదిరింది. పంచె అంచు పొడుగునా పల్లేరుకాయలు అంటుకుని ఉన్నాయి. దాలయ్య లేచి నిలబడ్డాడు. ఎల్లాజీ చాలాసేపు తన చెట్లను ఒక్కొక్కటిగా చూశాడు.

"ఎల్లిపోండి," అన్నాడు. "ఇప్పుడు కాదు."

దాలయ్య విసుక్కుంటూ గొడ్డలి పీకాడు. అందరూ వెళ్లిపోయారు. సంతోషి గంజి గిన్నెతో వచ్చింది. ఆడపడుచు దగ్గర వంగి లేపబోయింది. ఎల్లాజీ వద్దని చెయ్యి ఊపాడు. అతను అక్క వైపు చూడకుండానే, ఆమెకు కాస్త ఎడంగా, ఇసుకలో కూలబడ్డాడు.

చేపలు నింపుకున్న లారీ పలాస వైపు హారను కొట్టుకుంటూ వెళ్లింది. ముసలమ్మ కదల్లేదు. నీడ ఆమె మీద నుంచి జరిగిపోయి, ఎండ ముఖం మీద పడేదాకా నిద్రపోయింది.